టోంగాకు వచ్చే డబ్బు, కోరుట్లకు వచ్చే డబ్బు

(హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకులు, పట్టణ శ్రోతల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం చిన్న ద్వీప దేశాలకు వలస వెళ్లినవాళ్లు పంపే డబ్బు. ఆహ్వాన పత్రం చూసి ఒక మిత్రుడు, "సముద్రమే లేని వరంగల్‌లో దీవుల సంగతి ఎవరికి కావాలి?" అన్నాడు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి దుబాయ్‌లోనో దోహాలోనో డల్లాస్‌లోనో దగ్గరి బంధువు ఉన్నారో చేతులెత్తమంటే అతనికి జవాబు దొరుకుతుంది. ఎత్తమని అడగను, ఫ్యాన్ల గాలికే ఇబ్బందిగా ఉంది. దీవులతో మొదలుపెట్టి మన జగిత్యాల, సిరిసిల్ల దాకా వద్దాం.

న్యూజీలాండ్‌కు ఈశాన్యంగా, పసిఫిక్ మహాసముద్రంలో టోంగా అనే రాజ్యం ఉంది. దాదాపు 170 దీవులు. మనుషులు ఉండేవి 36. భూమి అంతా కలిపితే 750 చదరపు కిలోమీటర్లు. 2021 జనగణనలో అక్కడి జనాభా లక్ష. ఇప్పటి హద్దుల ప్రకారం చూస్తే మన వరంగల్ నగరం 2011లోనే 8 లక్షలు దాటింది. ఆ లక్ష మందికి ఒక రాజు, ఒక పార్లమెంటు, పాంగా అనే సొంత కరెన్సీ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలో మనకెంతో వాళ్లకూ అంతే, ఒక ఓటు. టోంగా మూలాలున్న మనుషులు మాత్రం స్వదేశంలో కంటే ఆక్లాండ్, సిడ్నీ, కాలిఫోర్నియా, యూటాలలోనే ఎక్కువ. వాళ్లు ఇంటికి పంపే డబ్బు ఇటీవలి ఏళ్లలో ఆ దేశపు జీడీపీలో నూటికి 40 దగ్గర తేలుతోంది. పక్కనున్న సమోవాలో అది పావు వంతుకు పైనే. భారతదేశం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ప్రవాస ధనం అందుకునే దేశం, ఏటా 12,000 కోట్ల డాలర్లకు అటూ ఇటూ. అయినా అది మన జీడీపీలో 3 శాతం పైచిలుకే.

విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. జీడీపీలో 40 శాతం అంటే జీడీపీ లోపల 40 శాతం అని కాదు. దేశం గడపలోపల తయారైన వస్తుసేవల విలువే జీడీపీ. ఆక్లాండ్‌లో ఇల్లు కట్టే మేస్త్రీ సంపాదన అందులోకి రాదు. 100 పాంగాల ఉత్పత్తి జరిగే చోటికి బయటి నుంచి ఇంకో 40 పాంగాలు వచ్చి చేరుతున్నాయన్నది ఆ లెక్క అర్థం. ఏటా జవాబు పత్రాల్లో దీన్ని తలకిందులుగా రాసేవాళ్లు ఉంటారు, అందుకే చెబుతున్నాను.

ఇంకో మెలిక ఉంది. అంతర్జాతీయ లెక్కల్లో వ్యక్తిగత ప్రవాస ధనం అనేది రెండు పద్దుల కూడిక. విదేశంలో ఏడాదికి మించి స్థిరపడినవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఒక పద్దు. ఏడాదిలోపు పనికి వెళ్లి వచ్చేవాళ్ల జీతం రెండో పద్దు. ఏడు నెలలు ఆపిల్ తోటలో పనిచేసి తిరిగొచ్చే టోంగా యువకుడు రెండో పద్దులోకి వస్తాడు. రెండేళ్ల ఒప్పందం మీద షార్జాలో ఉన్న మన జగిత్యాల జిల్లా కోరుట్ల మనిషి లెక్కల ప్రకారం అక్కడి నివాసి, మొదటి పద్దు. పాస్‌పోర్టు మనదే, ఓటు మనదే, అప్పు కూడా మన ఊళ్లోనే, కానీ లెక్కల పుస్తకంలో ఆయన షార్జావాడు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కాసేపట్లో తెలుస్తుంది.

ఈ దీవుల ఆర్థిక వ్యవస్థకు 1985లో జెఫ్ బెర్ట్రామ్, రే వాటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పేరు పెట్టారు: మిరాబ్. వలస, వలసవాళ్లు పంపే డబ్బు, విదేశీ సాయం, ప్రభుత్వ ఉద్యోగాలు, ఈ నాలుగింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి కట్టిన మాట అది. అప్పటిదాకా ప్రణాళికలు రాసేవాళ్లు ఈ దీవులను చిన్న సైజు ఇండియాలాగా చూసేవారు. కొబ్బరి పెంచండి, ఎగుమతి చేయండి, పరిశ్రమ పెట్టండి, మీ కాళ్ల మీద మీరు నిలబడండి అనేవారు. మిరాబ్ వాదన అందుకు విరుద్ధం. మార్కెట్‌కు వేల కిలోమీటర్ల దూరంలో, లక్ష మంది ఉన్న చోట ఫ్యాక్టరీ ఎలాగూ గిట్టదు. అలాంటి చోట ఒక కుటుంబం తన మనుషులను మూడు దేశాల్లో సర్దుకుని నడవడం లోపమేమీ కాదని, అదే అక్కడ సాధ్యమైన ఆర్థిక వ్యవస్థ అని వాళ్లన్నారు. ఆ మాటలో నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. టోంగా 1980ల చివర్లో జపాన్‌కు గుమ్మడికాయలు ఎగుమతి చేయడం మొదలుపెట్టింది. కొన్నేళ్లు బాగా నడిచింది. కానీ ఆ దేశాన్ని నిలబెట్టింది గుమ్మడి కాదు, ఆక్లాండ్ నుంచి వచ్చే డబ్బే.

ఆ డబ్బు విలువ కష్టకాలంలో తెలుస్తుంది. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం సముద్రం అడుగున పేలింది. బూడిద, సునామీ, వాటితోపాటు ఫిజీ మీదుగా దేశాన్ని ప్రపంచంతో కలిపే ఒకే ఒక్క సముద్ర కేబుల్ తెగిపోవడం. ఆ కేబుల్ బాగుపడటానికి ఐదు వారాలు పట్టింది. ఆక్లాండ్‌లో ఉన్న కొడుకు చేతిలో డబ్బుంది, పంపాలని ఉంది, దారి లేదు. ఇల్లు కూలినవాడికి ప్రభుత్వ సాయం కంటే ముందు అందేది మామూలుగా బంధువు డబ్బే. దేశంలో పావు వంతుకు పైగా ఆదాయం ఒక సన్నని తీగ మీద నడుస్తోందని ఆ ఐదు వారాలు చూపించాయి.

కరోనా సమయంలో మాత్రం అందరి అంచనాలూ తప్పాయి. ప్రవాస ధనం కుప్పకూలుతుందని 2020 వేసవిలో పెద్ద సంస్థలన్నీ హెచ్చరించాయి. టోంగాకు వచ్చే డబ్బు ఆ ఏడాది పెరిగింది. సరిహద్దులు మూతపడటంతో తోటల్లోని కార్మికులు ఇంటికి రాలేక అక్కడే ఉండి పనిచేశారు, పంపారు. అంతకుముందు 2008, 2009లలో అమెరికాలో నిర్మాణ రంగం దెబ్బతిన్నప్పుడు మాత్రం టోంగాకు రాబడి తగ్గింది. కాబట్టి ప్రవాస ధనం బీమాలాగా పనిచేస్తుందన్న మాటకు ఒక షరతు ఉంది. ప్రమాదం ఇంటి దగ్గర జరిగితేనే అది బీమా. పని ఉన్న చోటే ప్రమాదం జరిగితే ఇంటివాళ్లే ఎదురు పంపాలి. 2020లో గల్ఫ్‌లో పని పోయి, విమాన టికెట్టుకు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుందో ఇప్పుడు చూద్దాం. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కాస్త ఎక్కువసేపు ఉంటాను.

నుకుఅలోఫా టోంగా రాజధాని. అక్కడ ఒక తల్లి 100 పాంగాలు అందుకుందనుకోండి. దుకాణానికి వెళ్తుంది. పిండి, డబ్బాలో చేప, డబ్బాలో మాంసం, పెట్రోలు, సిమెంటు, పైకప్పు రేకు, ఇవన్నీ ఓడలో వచ్చినవే. ప్రభుత్వం 15 శాతం వినియోగ పన్ను తీసుకుంటుంది, దుకాణదారుడు తన లాభం తీసుకుంటాడు, మిగిలింది వచ్చిన దారినే న్యూజీలాండ్‌కు, ఆస్ట్రేలియాకు తిరిగి వెళ్తుంది. న్యూజీలాండ్‌లో ఎవరూ పెద్దగా తినని, కొవ్వుతో నిండిన గొర్రె పొట్ట మాంసం టోంగాలో చౌకగా దొరుకుతుంది. సమోవాకు అమెరికా నుంచి టర్కీ కోడి తోకలు వచ్చేవి, అదీ కొవ్వే. ఊబకాయం, మధుమేహం పెరిగిపోతున్నాయని సమోవా ప్రభుత్వం 2007లో టర్కీ తోకలను నిషేధించింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాలంటే ఆ నిషేధం ఎత్తేయాలన్నారు. 2012లో సమోవా చేరింది, నిషేధం పోయింది. కూతురు ఆక్లాండ్‌లో ఆస్పత్రి గదులు తుడిచి పంపిన డబ్బు, తల్లికి మధుమేహం తెచ్చే మాంసం కింద మారి మళ్లీ అదే దిక్కుకు వెళ్తుంది. అర్థశాస్త్రం దీన్ని దిగుమతుల వైపు కారిపోవడం అంటుంది. నేనైతే ఇంకా ఘాటైన మాట వాడతాను, సభ కాబట్టి ఊరుకుంటున్నాను.

మన దగ్గర డబ్బు ఇలా ఒక్క అడుగులో బయటికి పోదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు మీకు తెలుసు. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువును నింపుతాయి, అది నిండితే దాని కింది చెరువును. టోంగాలో ఉన్నది ఒకే చెరువు, మత్తడి దాటితే సముద్రమే. ఉత్తర తెలంగాణలో డబ్బు నాలుగైదు చెరువులు నింపిగానీ పోదు. దుబాయ్ డబ్బుతో మెట్‌పల్లి దగ్గర ఒక ఇల్లు లేస్తుంది. మేస్త్రీ పక్క ఊరివాడు. ఇటుక పెద్దపల్లి బట్టీలది. ఆ బట్టీలో మట్టి తొక్కే కుటుంబం ఒడిశాలోని బలాంగీర్ జిల్లా నుంచి, కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కి వచ్చింది. వాళ్లకు ముందే అడ్వాన్సు ఇచ్చి తెచ్చారు. అంటే దుబాయ్‌లో మన మనిషి సంపాదనలో ఒక పాయ బలాంగీర్‌లోని ఒక అప్పు తీర్చడానికి పోతోంది. కరీంనగర్ చుట్టుపక్కల పొలాల్లో ఇప్పుడు వరి నాట్లు వేయడానికి బిహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు. మన యువకుడు దోహాలో కాంక్రీటు పోస్తుంటే అతని పొలంలో బిహార్ యువకుడు నాటు వేస్తున్నాడు. ఒకే ఊరు వలస పంపేదీ, వలస దించుకునేదీ. జగిత్యాలకు వచ్చే దిర్హాములు లెక్కించేవాళ్లు, అక్కడి నుంచి బలాంగీర్‌కు వెళ్లే రూపాయలను కూడా లెక్కించాలి. ఆ కుటుంబాలకు మనమే గల్ఫ్. వాళ్లతో మనం ఎలా ఉంటున్నామన్న ప్రశ్న ఈ సభకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

భూమి దగ్గర ఇంకో తేడా ఉంది. టోంగాలో 1875 రాజ్యాంగం భూమిని అమ్మడాన్ని నిషేధించింది. చట్టం ప్రకారం వయసొచ్చిన ప్రతి మగవాడికీ ఒక కమతం రావాలి. ఆడవాళ్ల సంగతేమిటని అడగకండి, అది ఆ చట్టం మీద ఉన్న పెద్ద విమర్శ. ఫలితమేమిటంటే వచ్చిన డబ్బు భూమి ధరను ఎగదోయలేదు. అది ఇల్లు, చదువు, పెళ్లి, చావు, చర్చి చందాల మీద పడుతుంది. మన దగ్గర అడ్డు లేదు. జగిత్యాల, నిర్మల్, ఆర్మూరు రోడ్ల పక్కన ప్లాట్లు ఎవరి డబ్బుతో అమ్ముడుపోయాయో అక్కడివాళ్లను అడగండి. ఒక ఊళ్లో పదిమంది దుబాయ్ నుంచి ప్లాట్లు కొంటే, దుబాయ్ వెళ్లని పదకొండో మనిషికి ఇల్లు కట్టుకునే జాగా అందదు. అప్పుడు అతడూ వీసా కోసం తిరుగుతాడు. వలస డబ్బు వలసను పెంచే దారుల్లో ఇది ఒకటి, దీని మీద మన విశ్వవిద్యాలయాల్లో జరగాల్సినంత పని జరగలేదు.

ఇక మేధావులకు ఎంతో ఇష్టమైన ఆరోపణ. వచ్చిన డబ్బంతా వృథా చేస్తున్నారట, ఉత్పాదకంగా పెట్టుబడి పెట్టడం లేదట. పసిఫిక్ గురించి రాసేవాళ్లు చర్చి చందాల మీద, సమోవాలో పెళ్లిళ్లకూ అంత్యక్రియలకూ బంధువులంతా డబ్బు, మేలైన చాపలు తెచ్చి ఇచ్చే ఆచారం మీద విరుచుకుపడతారు. మన దగ్గర గల్ఫ్ వాళ్లు కట్టే మేడల మీద, చేసే పెళ్లిళ్ల మీద అదే కోపం. నాకు ఈ కోపం నచ్చదు. నెల జీతం వచ్చే ప్రొఫెసరు తన కూతురి పెళ్లికి చేసిన ఖర్చును ఎవరూ ఉత్పాదకత తూకంలో పెట్టరు. ఎండలో స్టీలు కట్టినవాడి ఖర్చును మాత్రం అందరూ ఆడిట్ చేస్తారు. పైగా ఆ ఆచారాలకు ఆర్థిక ప్రయోజనం ఉంది. సమోవాలో అంత్యక్రియలకు డబ్బు పంపని బంధువు రేపు తుపాను వస్తే ఎవరినీ అడగలేడు. బ్యాంకు లేని చోట అదే ఖాతా. అతి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. చర్చి వార్షిక చందా కోసం అప్పు చేసే టోంగా కుటుంబాలున్నాయి, మన దగ్గర శుభకార్యం కోసం ఇంకో రెండేళ్ల వీసా పొడిగించుకునేవాళ్లు ఉన్నారు. ఆ అతిని ఊళ్లోవాళ్లే విమర్శించుకుంటారు, మనం పాఠం చెప్పనవసరం లేదు.

ఖర్చు సంగతి పక్కన పెడితే, నన్ను పట్టి ఊపే ప్రశ్న వేరే ఉంది. ఆ డబ్బు సంపాదించడానికి మనిషి గడప దాటినప్పుడు ఎంత చెల్లించాడు?

టోంగాలో దీన్ని తేల్చుకోవడానికి అరుదైన అవకాశం దొరికింది. 2002లో న్యూజీలాండ్ ఒక లాటరీ పెట్టింది. దరఖాస్తు చేసిన టోంగా వాళ్లలో ఏటా 250 మందికి చీటీ తీసి శాశ్వత నివాసం ఇచ్చేవారు. డేవిడ్ మెకెంజీ, జాన్ గిబ్సన్, స్టీవెన్ స్టిల్‌మన్ అనే ఆర్థికవేత్తలు చీటీ తగిలినవాళ్లను, తగలనివాళ్లను పోల్చారు. తెలివైనవాడు వెళ్లాడు కాబట్టి బాగుపడ్డాడన్న వాదనకు ఇక్కడ చోటు లేదు, చీటీకి తెలివితో పని లేదు. వెళ్లినవాడి సంపాదన 263 శాతం పెరిగింది, అంటే మూడున్నర రెట్లకు పైగా అయింది. అదే వాళ్లు తర్వాతి అధ్యయనంలో వెనక మిగిలిన కుటుంబాన్ని చూశారు. పరిస్థితి చాలావరకు దిగజారింది. సంపాదించే మనిషి భార్యాపిల్లలతో సహా వెళ్లిపోయాడు, పంపే డబ్బు అతను ఇంట్లో ఉన్నప్పుడు తెచ్చే రాబడికి సరిపోలేదు. కనీసం మొదటి ఏళ్లలో.

2007లో న్యూజీలాండ్ ఇంకో పథకం తెచ్చింది, తోటల్లో రుతు కార్మికుల కోసం. ఇందాక చెప్పిన రెండో పద్దు మనుషులు వీళ్లే. ఆపిల్, కివీ, ద్రాక్ష కోతలకు 11 నెలల్లో గరిష్ఠంగా 7 నెలలు వచ్చి పనిచేసి వెళ్లాలి. విమాన ఛార్జీలో సగం యజమాని పెట్టుకోవాలి. కనీస వేతనం, వారానికి ఇన్ని గంటల పని అన్న హామీ ఉంటాయి. నచ్చితే మరుసటి ఏడు మళ్లీ పిలుస్తారు. గిబ్సన్, మెకెంజీ టోంగా, వనువాటు దేశాల్లో దీన్ని పరిశీలిస్తే ఇంటిల్లిపాది తలసరి ఆదాయం 30 శాతానికి పైగా పెరిగింది. అది స్వర్గం అనడం లేదు. 2022లో న్యూజీలాండ్ మానవ హక్కుల కమిషనే ఆ పథకంలో వసతి పేరుతో జీతంలో కోతలు, ఇరుకు గదులు, యజమానిని మార్చుకోలేని బంధనం గురించి గట్టిగా రాసింది. అయినా ఒక విషయం గమనించండి. ఆ టోంగా యువకుడు వెళ్లే ముందు సగం విమాన ఛార్జీ బాకీ పడతాడు. పని దొరికినందుకు ఎవరికీ కట్నం ఇవ్వడు.

ఇప్పుడు మన కోరుట్లకు రండి. ఎమిగ్రేషన్ చట్టం 1983 నాటిది. దాని నియమాల ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు ఒక కార్మికుడి దగ్గర తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. వాస్తవంలో లక్ష దాటడం, లక్షన్నర కావడం ఈ హాల్లో ఎవరికీ కొత్త కాదు. మనవాళ్లు వీసా కొన్నామంటారు. ఉద్యోగాన్ని కొనడమన్నది ఎంత విపరీతమో అలవాటుపడి మరచిపోయాం. ఆ లక్షన్నర నూటికి నెలకు 3 రూపాయల మిత్తికి తెచ్చారనుకుందాం. నెలకు 4,500. ఆ మనిషి నెలకు 15,000 పంపితే అందులో నూటికి 30 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మొదటి ఏడాదిన్నర, రెండేళ్లు బ్యాంకు లెక్కల్లో విదేశీ మారకంగా కనిపించే డబ్బు, ఊరి లెక్కల్లో అప్పు కిస్తు. ఇంట్లో పొయ్యి వెలిగేది నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో భార్య చుట్టే బీడీల మీద. కాబట్టి ఆ ఇంటి వలస ఖర్చును భరించింది బీడీ కార్మికురాలని రాస్తే అర్థశాస్త్రానికి అవమానమేమీ జరగదు.

డబ్బు పంపే ఖర్చు గురించి ప్రపంచమంతా మాట్లాడుతుంది. 200 డాలర్లు పంపితే సగటున 6 శాతం పైన పోతోంది, 2030 నాటికి దాన్ని 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. టోంగా, సమోవాలకు ఇది నిజమైన బాధ. వెళ్లే డబ్బు మొత్తం తక్కువ, పోటీ తక్కువ, నల్లధనం నిబంధనలకు భయపడి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలోని పెద్ద బ్యాంకులు డబ్బు పంపే చిన్న సంస్థల ఖాతాలు మూసేశాయి. అందుకే అక్కడ ఖర్చు ప్రపంచ సగటు కంటే ఎక్కువ. 2017లో టోంగా డెవలప్‌మెంట్ బ్యాంకు న్యూజీలాండ్‌లోని తన జనం కోసం చౌకగా పంపే సొంత పద్ధతి పెట్టుకుంది. గల్ఫ్ నుంచి భారత్‌కు పంపడం మాత్రం ప్రపంచ సగటు కంటే చౌక. లక్షలమంది పంపే దారి, ప్రతి సందులో ఒక ఎక్స్‌ఛేంజ్ దుకాణం. మన సుంకం కిటికీ దగ్గర లేదు, గడప దగ్గర ఉంది. టోంగావాడు పంపేటప్పుడు కడతాడు, మనవాడు బయల్దేరేటప్పుడే కడతాడు. ఢిల్లీలో జరిగే సదస్సుల్లో పంపే ఖర్చు 3 శాతానికి తగ్గాలని తీర్మానాలు చేసేవాళ్లు, జగిత్యాలలో బయల్దేరే ఖర్చు వడ్డీయే 30 శాతమని ఒక్క పేరా రాయరు.

జీతం సంగతి కూడా అంతే. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికులకు సూచించే కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కరోనాలో ఉద్యోగాలు నిలబడాలంటే తప్పదన్నారు. దాని మీద తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. ఆ వ్యాజ్యం మన ఉత్తర తెలంగాణ కార్మికుల గొంతు, దానికి దక్కాల్సిన పేరు దక్కలేదు. అదే 2021 మార్చి నుంచి ఖతార్ దేశం నెలకు 1,000 రియాళ్ల మూల కనీస వేతనం అన్ని దేశాల కార్మికులకూ వర్తించేలా అమలు చేసింది. చేర్చుకునే దేశం వేతనం పెంచుతున్న సమయంలో పంపే దేశం తగ్గించింది. టోంగా వాళ్లు వెళ్లే పథకంలో విమాన ఛార్జీ ఎవరు ఎంత పెట్టుకోవాలి, కనీస వేతనం ఎంత అన్నది ముందే తేలి ఉంటుంది. లక్ష మంది దేశం బేరం ఆడగలిగినప్పుడు మనం ఎందుకు ఆడలేం?

ఒక జాగ్రత్త. రిజర్వ్ బ్యాంకు 2023-24 సర్వేలో దేశానికి వచ్చిన ప్రవాస ధనంలో తెలంగాణ వాటా 8.1 శాతం. ఆ సంఖ్య చూసి అదంతా జగిత్యాల చెమట అనుకోకండి. అదే సర్వేలో దేశం మొత్తానికి అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ వాటా 19.2. హనుమకొండ కాలనీల్లోని తల్లిదండ్రులకు వచ్చే డాలర్లు, సిరిసిల్ల పల్లెకు వచ్చే దిర్హాములు ఒకే గడిలో పడుతున్నాయి. అమెరికా చదువులకు ముందుగా ఇక్కడి నుంచి వెళ్లే ఫీజుల డబ్బు వేరే గడిలో ఉంటుంది. కేరళ 1998 నుంచి వలస సర్వేలు చేస్తోంది, 2023 సర్వేలో ఆ రాష్ట్రానికి వచ్చిన డబ్బు 2.17 లక్షల కోట్లుగా తేలింది. ఏ జిల్లా, ఏ కులం, ఎంత అప్పు అని వాళ్లు చెప్పగలరు. మనకు అలాంటి వరుస సర్వే కావాలి.

నియూ అనే దీవి గురించి రెండు మాటలు చెప్పి ప్రశ్నలకు వస్తాను. నియూ వాళ్లకు న్యూజీలాండ్ పౌరసత్వం ఉంది, వీసా అక్కర్లేదు. 1966లో 5,000 దాటిన జనాభా ఇప్పుడు 1,700 దగ్గర ఉంది. న్యూజీలాండ్‌లో 30,000 మందికి పైగా నియూ మూలాలవాళ్లు ఉన్నారు. పంపేవాళ్లు పెరిగారు, అందుకునేవాళ్లు తగ్గిపోయారు. తల్లిదండ్రులు పోయాక కొడుకు ఎవరికి పంపుతాడు? ప్రవాస ధనం మీద నడిచే చోటు ఎప్పటికీ అలా నడవదు, కాబట్టి అది వస్తున్న ముప్ఫై, నలభై ఏళ్లలో ఏం నిలబెట్టుకున్నామన్నది లెక్క.

(ప్రశ్నలు)

విద్యార్థిని: గల్ఫ్ డబ్బు ఇంత వస్తున్నా ఇక్కడ పరిశ్రమలు ఎందుకు రాలేదు సార్?

మంచి ప్రశ్న, కానీ తప్పు మనిషిని అడుగుతోందమ్మా. రెండు లక్షలు మిగుల్చుకున్న డ్రైవరు పరిశ్రమ పెట్టడు. పెట్టకూడదు కూడా, మునిగితే వాళ్ల ఇల్లు పోతుంది. ఈ ఊళ్లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు వేల కుటుంబాలను పోషించింది. అది క్షీణించాక ఇక్కడి పనివాళ్లు సూరత్‌కు, భివండీకి వెళ్లి మనియార్డర్లు పంపారు. మిల్లు మూతపడింది కార్మికులు పెళ్లిళ్లకు ఖర్చు చేసినందుకు కాదు కదా. గీసుకొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేసినప్పుడు సూరత్ వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న ఆశ పెట్టారు. ఎంతమంది వచ్చారో, ఏ జీతానికి వచ్చారో మీరు ప్రాజెక్టు పనిగా తీసుకుని తేల్చండి. ప్రవాసుల చిన్న మొత్తాలను కూడగట్టాలంటే కేరళ ప్రభుత్వ సంస్థ 2018లో మొదలుపెట్టిన ప్రవాసీ చిట్టీ లాంటిది చూడవచ్చు. వరంగల్‌కు చిట్టీలు కొత్త కాదు, మునిగిన చిట్టీలూ కొత్త కాదు, అందుకే ప్రభుత్వ హామీ ఉన్నదే చూడమంటున్నాను.

వెనక వరుసలో ఒక పెద్దమనిషి: మా అబ్బాయికి ఏజెంటు విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్లాక మారుస్తానంటున్నాడు. లక్షా ఇరవై అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

ఇవ్వకండి అన్నా. అబ్బాయి పదో తరగతి పాసయ్యాడా? కాలేదంటే అతని పాస్‌పోర్టు ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన రకం, పని వీసా మీద ప్రవాసుల రక్షణాధికారి అనుమతితో వెళ్లాలి. అలా వెళితే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లినవాడు ఆ లెక్కల్లోనే ఉండడు. ఏజెంటు లైసెన్సు నంబరు అడగండి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ నంబరు ఉందో లేదో మీ అబ్బాయే ఫోనులో చూడగలడు. కంపెనీ పేరు, జీతం, పని గంటలు రాసిన ఒప్పందం చేతికి వచ్చాకే డబ్బు మాట. రుసుము 30,000, జీఎస్టీ, దానికి రసీదు. రసీదు ఇవ్వనన్నాడంటే వేరే ఏజెంటును చూడండి. సభ అయ్యాక ఇక్కడే ఉంటాను, కాగితాలు తెచ్చి ఉంటే చూపించండి.